థర్మోస్టాట్ లేని బండి: ఇంటి ముందే సరిచేసిన ఒక కేసు

బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 86 వేల కిలోమీటర్లు తిరిగింది. ఓనర్ మా బావ. పని చేసింది మా మేనల్లుడు, హైదరాబాద్ వనస్థలిపురంలో వాళ్లింటి ముందు, సంక్రాంతి సెలవుల్లో. ఇరవై రెండేళ్లుగా కార్ల పని చేస్తున్న నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పాను. ఒక్కచోట తప్ప పాన పట్టుకోలేదు. షెడ్డులో అయితే ఈ పని నాకు గంటన్నర. వాడికి రెండు పూటలు పట్టింది. ఎక్కడ తడబడ్డాడో, ఏది ఎందుకు చేయించానో మొత్తం రాస్తున్నాను. ఎందుకంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) పీకేసిన బండ్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. "మనది వేడి దేశం, మనకెందుకు ఆ వాల్వ్" అనే మాట నమ్మి ఇంజన్ అరగదీసుకుంటున్నవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఫిర్యాదు

జనవరి మొదటి వారంలో మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, చెక్ ఇంజన్ లైట్ మళ్లీ వెలిగింది. పోయిన నెల సెన్సర్ మార్పించాం కదా, అయినా పోలేదు."

వాడి దగ్గర చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంది. స్టీరింగ్ కింద పోర్టుకు పెడితే ఫోన్లో రీడింగులు కనిపిస్తాయి. కోడ్ ఏమొచ్చిందని అడిగితే పి0128 అన్నాడు. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరుస్తూ తిరిగే ద్రవం) రావాల్సినంత వేడికి రావడం లేదని కంప్యూటర్ చెప్పే కోడ్ అది. దాన్ని చూసి డిసెంబరులో ఎవరో టెంపరేచర్ సెన్సర్ మార్చారు. సెన్సర్ తప్పు చెబుతోందని అనుకున్నారు, అది నిజమే చెబుతోందేమోనని చూడలేదు.

మిగతా లక్షణాలు నేను అడిగాకే బయటికొచ్చాయి. మైలేజీ లీటరుకు 17 ఇచ్చే బండి 14కు పడిపోయింది. పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 స్పీడ్‌లో వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు కిందికి దిగిపోతుంది. హీటర్ వేస్తే గోరువెచ్చని గాలే. ఆయిల్ పోసే మూత తీసి చూడమన్నాను. లోపలి వైపు లేత గోధుమ రంగు జిడ్డు పేరుకుందని ఫోటో పంపాడు. పెరుగు మీగడలా ఉంది. హెడ్ ప్యాకింగ్ (ఇంజన్ బ్లాకుకు, పైనుండే హెడ్డుకు మధ్య ప్యాకింగ్) పోయి ఆయిల్లో నీళ్లు కలిసినా అలాంటి జిడ్డే కనిపిస్తుంది కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకోవాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది, కూలెంట్ డబ్బాలో నీళ్లు తగ్గడం లేదు, పొగ తెల్లగా రావడం లేదు. అంటే ప్యాకింగ్ బాగానే ఉంది. ఇంజన్ సరిగా వేడెక్కక, లోపలి చెమ్మ ఆవిరై పోక, మూత దగ్గర ఆయిల్‌తో కలిసి పేరుకున్నదే ఆ జిడ్డు.

చేతితో పరీక్ష

మరుసటి ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్లాను. రాత్రంతా నిలబడిన బండి కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లగా ఉంది. ఈ పరీక్షకు అదే కావాలి. బండి స్టార్ట్ చేయించి, రేడియేటర్ పైకి వెళ్లే హోస్ పైపు మీద చెయ్యి పెట్టమన్నాను. ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు, అందుకే చెయ్యి దానికి దూరంగా.

థర్మోస్టాట్ బాగున్న బండిలో ఆ పైపు కొన్ని నిమిషాల దాకా చల్లగానే ఉంటుంది. వాల్వ్ తెరుచుకోగానే వేడి ఒక్కసారిగా చేతికి తగులుతుంది. ఇక్కడ అలా జరగలేదు. రెండో నిమిషం నుంచే పై పైపు, కింది పైపు రెండూ కలిసి మెల్లగా వెచ్చబడ్డాయి. స్కానర్‌లో అప్పటికి 41 డిగ్రీలే. వాల్వ్ తెరుచుకునే ఇరుక్కుపోయిందని అనుకున్నాను. ఔటర్ మీద ఒక రౌండ్ వేసి వచ్చాం. బయట 16 డిగ్రీల చలి, 80 స్పీడ్‌లో కూలెంట్ 62 నుంచి 66 మధ్య తిరిగింది. ఉండాల్సింది 82 పైన.

మధ్యాహ్నం ఇంజన్ చల్లారాక, వాల్వ్ కూర్చునే హౌసింగ్ విప్పించాను. లోపల ఇరుక్కుపోయిన వాల్వ్ ఉంటుందనుకుంటే అసలు వాల్వే లేదు. హౌసింగ్ ఖాళీ.

అప్పుడు బావకు గుర్తొచ్చింది. పోయిన మే నెలలో శ్రీశైలం వెళ్లి తిరిగొస్తుంటే, డ్యాం దాటాక దోమలపెంట వైపు ఎక్కుడులో బండి పొగలు కక్కింది. దారిలో దొరికిన మెకానిక్ ఏదో పీకి, "వాల్వ్ జామ్ అయింది, తీసేశా, ఇక జన్మలో వేడెక్కదు" అని పంపించాడు. బోరు నీళ్లు పోసుకుని ఇల్లు చేరారు. ఆ నీళ్లే ఎనిమిది నెలలుగా ఇంజన్లో తిరుగుతున్నాయి.

ఆ వాల్వ్ చేసే పని

మేనల్లుడికి అక్కడే కూర్చోబెట్టి చెప్పాను, ఎందుకంటే పని ఎందుకో తెలియకుండా పాన పట్టుకుంటే చెయ్యి తప్పుతుంది.

థర్మోస్టాట్‌లో కరెంటు లేదు, వైరు లేదు. చిన్న ఇత్తడి గిన్నెలో బిగించిన మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి, మధ్యలోని పుల్లను నెడుతుంది. ఆ నెట్టుడుకు వాల్వ్ తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం కుంచించుకుపోతుంది, స్ప్రింగు మూసేస్తుంది. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నె అనే ఇంజినీరు కనిపెట్టిన పద్ధతి ఇది. ఎలక్ట్రానిక్ కంట్రోల్ వచ్చిన కొత్త బండ్లలో కూడా చాలావాటి లోపల పనిచేసేది ఆ మైనమే.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ రేడియేటర్ దారి మూసేస్తుంది. పంపు తోసే నీళ్లు బ్లాకు, హెడ్డు, హీటర్, బైపాస్ దారి గుండా తిరిగి పంపుకే వస్తాయి. రేడియేటర్‌కు పోవు కాబట్టి ఇంజన్ తొందరగా వేడెక్కుతుంది. 82 డిగ్రీల దగ్గర వాల్వ్ తెరుచుకోవడం మొదలవుతుంది. ఈ ఇంజన్లో వాల్వ్‌కు వెనకవైపు ఇంకో చిన్న బిళ్ల కూడా ఉంటుంది. ముందు బిళ్ల రేడియేటర్ దారి తెరిచే కొద్దీ, వెనక బిళ్ల బైపాస్ దారి మూస్తుంది. పీకేయమని చెప్పేవాళ్లు ఈ రెండో బిళ్ల సంగతి మరిచిపోతారు.

వాల్వ్ పీకేస్తే రెండు దారులూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. చలికాలం హైవే మీద నీళ్లు ఊరికే రేడియేటర్‌లో తిరిగి ఇంజన్ చల్లబడుతుంది. అదే ఎక్కుడులో, ఏసీ వేసుకుని నలుగురితో వెళ్తుంటే, వేడి నీళ్లలో కొంత భాగం చల్లబడకుండానే బైపాస్ గుండా మళ్లీ ఇంజన్లోకి పోతుంది. చలికి చల్లారిపోవడం, ఎక్కుడుకు వేడెక్కడం రెండూ ఆ ఖాళీ వల్లే. వేడి తగ్గించడానికి పీకేసిన వాల్వ్, అసలు అవసరమైన చోట వేడిని పెంచుతుంది.

ఇంజన్ చల్లగా నడిస్తే వచ్చే నష్టం కంటికి కనిపించదు. ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. చెమ్మ ఆవిరి కాక ఆయిల్లోనే ఉండిపోతుంది. రింగులు, సిలిండర్లు ముందుగా అరుగుతాయి. ఇవి మన ఎండల్లోనూ జరుగుతాయి, ఎందుకంటే బయట 40 డిగ్రీలున్నా ఇంజన్‌కు కావాల్సిన 85 డిగ్రీలకు అది చాలా దూరం.

ముందు పాత జబ్బు

కొత్త వాల్వ్ తెచ్చి పెట్టేయడం సులువు. కానీ మే నెలలో బండి ఎందుకు వేడెక్కింది? అది తేల్చకుండా వాల్వ్ పెడితే మళ్లీ అదే ఎక్కుడులో ఆగిపోతుంది, మళ్లీ ఎవరో పీకేస్తారు.

రేడియేటర్ మూత చూశాను. కింది రబ్బరు గట్టిపడి బీటలు వారింది. మూత మీద 1.1 బార్ అని రాసుంది. ఆ పీడనం నిలిస్తే ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోతే పీడనం నిలవదు, నీళ్లు నూటికే మరిగి డబ్బాలోకి పొంగిపోతాయి. మూత సంగతి అలా ఉంటే, టార్చి వేసి చూస్తే ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులో పురుగులు, దుమ్ము, ఎండుటాకుల పొడి దట్టంగా పట్టి ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ కడగలేదు. ఫ్యాన్, పంపు రెండూ బాగున్నాయి. పాత వాల్వ్ చేతిలో లేదు కాబట్టి దాని మీద నేరం మోపలేను. కానీ ఈ రెండు కారణాలే ఆ ఎక్కుడుకు సరిపోతాయి.

రేడియేటర్‌ను ఇంజన్ వైపు నుంచి మామూలు నీళ్ల పైపుతో, తక్కువ ధారతో కడిగించాను. ప్రెషర్ వాషర్ పెడితే సన్నటి రేకులు వంగిపోతాయి, గాలి అసలే ఆడదు. నలభై నిమిషాలు కడిగితే గానీ కిందికి తేట నీళ్లు రాలేదు.

గిన్నెలో పరీక్ష

థర్మోస్టాట్లు రెండు తెప్పించాను. ఒకటి కంపెనీ స్పేర్, 780 రూపాయలు. ఇంకోటి పేరు లేని డబ్బాలోది, 220 రూపాయలు. రెండింటి అంచు మీదా 82 అని అచ్చు ఉంది. బిగించే ముందు ప్రతి కొత్త వాల్వ్‌నూ నేను నీళ్లలో మరిగించి చూస్తాను. పది నిమిషాల పని, దాని కోసం మళ్లీ హౌసింగ్ విప్పే అవస్థ తప్పుతుంది.

అక్క వాడకం నుంచి తీసేసిన స్టీలు గిన్నె ఇచ్చింది. రెండు వాల్వులనూ దారాలతో వేలాడదీశాం, గిన్నె అడుగుకు తగలకుండా. అడుగు తగిలితే లోహం వేడి నేరుగా తగిలి తప్పు లెక్క వస్తుంది. దారాన్ని వాల్వ్ నోట్లో ఇరికించి వేలాడదీయడం ఒక మంచి ఉపాయం: వాల్వ్ తెరుచుకోగానే దారం జారి వాల్వ్ కింద పడిపోతుంది, ఎప్పుడు తెరుచుకుందో కంటికి తెలుస్తుంది. కంపెనీది 82కు ఒక డిగ్రీ అటూ ఇటూగా జారింది. పేరు లేనిది 89 దాకా పట్టుకునే ఉంది. నీళ్లు మరిగాక చూస్తే కంపెనీది 8 మిల్లీమీటర్లు తెరుచుకుంది, రెండోది అందులో సగం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఆ వేడికి పూర్తిగా తెరుచుకోని వాల్వ్ ఎక్కుడులో కష్టం. చల్లారాక రెండోది అంచు దగ్గర వెంట్రుక వాసి తెరుచుకునే ఉండిపోయింది. దాన్ని పక్కన పడేశాం.

బిగింపు

మేనల్లుడికి మొదట చెప్పింది ఒక్కటే. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. షెడ్డులో ఒక పిల్లాడి ముంజేతి చర్మం ఆ మూత వల్ల ఊడిపోవడం నేను కళ్లారా చూశాను. పైపు మీద చెయ్యి హాయిగా ఆనించగలిగితేనే మూత తిప్పాలి.

కింద వెడల్పు టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్గు వదులు చేశాడు. తుప్పు రంగు నీళ్లు వచ్చాయి. అందులో పాత కూలెంట్ కొంత మిగిలే ఉంటుంది కాబట్టి నేల మీద పారనివ్వలేదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకి చచ్చిపోతాయి. క్యానులో పోసి మూత బిగించాం. తర్వాత మంచి నీళ్లు పోసి, ఇంజన్ నడిపి, చల్లార్చి, వదిలేయడం మూడుసార్లు. వాల్వ్ లేదు కాబట్టి నీళ్లు మొత్తం తిరిగాయి, కడగడానికి మాత్రం అది కలిసొచ్చింది. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం.

హౌసింగ్‌కు రెండు బోల్టులు, 10 నంబరు పాన. నేను మధ్యాహ్నం చూడ్డానికి విప్పించినప్పుడే రెండోది బిర్రుగా ఉంది. అల్యూమినియంలో ఇనుప బోల్టు ఏళ్ల తరబడి ఉంటే పట్టేస్తుంది. బలం పెడితే తల తెగుతుంది. అందుకే అక్కడ నేను పాన తీసుకుని, ముందు ఒక్క వెంట్రుక బిగించి, తర్వాత వదులు చేసి, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, మళ్లీ అటూ ఇటూ ఆడించి చూపించాను. బయటికొచ్చాక దాని మరల్లో తెల్లటి పొడి ఉంది. వైరు బ్రష్‌తో శుభ్రం చేయించాను.

వాల్వ్ కూర్చునే చోట అంచు మీద కూడా గట్టి తెల్లటి పొర ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకబోయాడు, ఆపాను. అల్యూమినియం మీద ఒక గీత పడితే అక్కడి నుంచే లీకు. పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో గీకి, సన్న ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దాడు. అంతకు ముందు రంధ్రంలో గుడ్డ కుక్కించాను, రాలిన పొడి ఇంజన్లోకి పోకుండా.

వాల్వ్ అంచుకు రబ్బరు రింగు తొడిగే వస్తుంది. సిలికాన్ పేస్ట్ రాయాలా అని అడిగాడు. రబ్బరు రింగుకు పేస్ట్ వద్దు, జారి నలిగిపోతుంది. వాల్వ్ అంచు మీద చిన్న రంధ్రం, అందులో గలగలలాడే చిన్న పిన్ను ఉంటాయి. లోపల చిక్కిన గాలి బయటికి పోయే దారి అది. గాలి పైకే పోతుంది కాబట్టి పిన్ను పై వైపుకే ఉండాలి. మైనం ఉన్న ఇత్తడి గిన్నె ఇంజన్ వైపు. అది రేడియేటర్ వైపుకు తిరిగితే వేడి తగలదు, వాల్వ్ తెరుచుకోదు, ఇంజన్ పోతుంది.

బోల్టులు రెండూ ముందు చేత్తో, తర్వాత ఒకటి తర్వాత ఒకటి పావు తిప్పు చొప్పున. ఈ సైజు బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. టార్క్ రెంచి లేకపోతే పొట్టి పిడి పాన వాడాలి. రెండు వేళ్లతో బిగించినంత బలమే పెట్టాలి. పొడుగు పిడితో భుజబలం చూపిస్తే అల్యూమినియం మరలు లేచిపోతాయి, 780 రూపాయల పని వేలల్లోకి వెళ్తుంది.

కూలెంట్ లెక్క

ఈ లెక్క చాలామంది తప్పుతారు. ఈ బండిలో మొత్తం పట్టేది నాలుగున్నర లీటర్లు. డ్రెయిన్ చేస్తే వచ్చింది కొలిస్తే 2.8 లీటర్లే. మిగతా 1.7 లీటర్లు బ్లాకులో, హీటర్‌లో ఉండిపోయాయి, అవి కడిగిన నీళ్లు. సగం సగం కలిపి అమ్మే రెడీ కూలెంట్ 2.8 లీటర్లు పోస్తే అందులో అసలు కూలెంట్ 1.4 లీటర్లు. నాలుగున్నరలో 1.4 అంటే 31 శాతం. కావాల్సింది 50. అందుకే నీళ్లు కలపని కూలెంట్ 2.25 లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 0.55 లీటరు పోయించాను. మనకు గడ్డకట్టే చలి లేదు నిజమే. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, మరిగే వేడి కూడా పెరుగుతుంది. మనకు కావాల్సింది ఆ రెండే. బోరు నీళ్లలోని ఉప్పులు లోపల పొక్కులా కట్టి దారులు పూడ్చేస్తాయి.

గాలి

ఇక్కడే మేనల్లుడికి టెన్షన్ వచ్చింది. సాయంత్రమైపోతోందని కూలెంట్ గబగబా పోసేశాడు, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పడం మరిచిపోయాడు. స్టార్ట్ చేశాక స్కానర్‌లో 88, 94, 99. ఫ్యాన్ తిరుగుతోంది. పై హోస్ మాత్రం చల్లగా ఉంది. 104 రాగానే ఇంజన్ ఆపించాను.

"వాల్వ్ పాడైందా మామా?" అన్నాడు. వాల్వ్ గిన్నెలో మన కళ్ల ముందు తెరుచుకుంది కదా. ఇది గాలి బుడగ. ఇత్తడి గిన్నె చుట్టూ నీళ్లు కాకుండా గాలి ఉంటే మైనానికి వేడి అందదు. ఈ ఘడియలోనే చాలామంది భయపడి వాల్వ్ మళ్లీ పీకేస్తారు.

గంటన్నర చల్లారనిచ్చాం. ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి మూతి పైకి లేపి, హ్యాండ్‌బ్రేక్ వేసి వెనక చక్రాలకు రాళ్లు పెట్టాం. రేడియేటర్ నోరు అన్నిటికన్నా ఎత్తులోకి వచ్చింది. హీటర్ పూర్తి వేడికి. మూత తీసే ఉంచి, పై హోస్‌ను పిసుకుతూ వదులుతూ ఉంటే గుడగుడమని బుడగలు వచ్చాయి. మట్టం దిగిపోయింది. అర లీటరుకు పైగా పట్టింది, ముందే కలిపి ఉంచుకున్న దాన్నే పోశాం. ఇంజన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచాం. 83 దగ్గర పై హోస్ వేడి వాడి చేతికి ఒక్కసారిగా తగిలింది. మట్టం మళ్లీ కాస్త దిగింది, నింపి కొత్త మూత బిగించాం. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూశాం. 96కు తిరిగింది, 91కి ఆగింది. మరుసటి పొద్దున చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం చూసి ఇంకో 200 మిల్లీలీటర్లు పోయాల్సి వచ్చింది. ఈ మరుసటి పొద్దున చూపు తప్పనిసరి.

తర్వాత

ఔటర్ మీద అదే 80 స్పీడ్‌లో ఇప్పుడు 84 నుంచి 87. కోడ్ చెరిపేశాక మళ్లీ రాలేదు. పలచబడిన ఆయిల్ కాబట్టి గడువుకు ముందే ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. మైలేజీ ట్యాంకు నిండా కొట్టించి రెండు నెలలు లెక్క రాస్తే సగటున 16.5 వచ్చింది. పాత 17 పూర్తిగా రాలేదు. ఆయిల్ మార్పు కాకుండా వాల్వ్, మూత, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి ఖర్చు 2,300 రూపాయల లోపే. డిసెంబరులో అనవసరంగా మార్చిన సెన్సర్‌కు, కూలికి అయింది దీనికన్నా ఎక్కువ.

ఏప్రిల్ చివర్లో వాళ్లు మళ్లీ శ్రీశైలం వెళ్లారు, నలుగురు మనుషులు, ఏసీ వేసుకుని. తిరుగు ప్రయాణంలో డ్యాం దాటిన దగ్గర నుంచి మేనల్లుడు ముందు సీట్లో స్కానర్ చూస్తూ కూర్చున్నాడు. ఎక్కుడు దాటి దోమలపెంటలో టీ తాగుతూ ఫోన్ చేశాడు. "97 దాటలేదు మామా. రెండో గేర్‌లో లారీ వెనకాల పడ్డప్పుడు కూడా." ఇంటికొచ్చాక పొద్దున డబ్బాలో మట్టం చూడమన్నాను. గీత దగ్గరే ఉంది.